ఐసు సముద్రం చేప

మా షాపు గోడకు ఫ్రేము కట్టించి తగిలించుకున్న డ్రగ్ లైసెన్సు మీద ఒట్టు. ఇప్పుడు రాయబోయేదాంట్లో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట దగ్గరే నవ్వేసి పేజీ తిప్పేస్తారని తెలుసు. తుఫాను గాలికి మా షట్టరు ఎగిరి, పోర్టు బయట లంగరేసిన ఓడ మీద పడిందనీ, ఆ ఓడ కెప్టెను దాన్ని చుట్టచుట్టి పోస్టులో తిప్పి పంపాడనీ చెప్పింది నేనే. దాన్ని నమ్మినవాళ్ళూ ఉన్నారు. ఇది అలాంటిది కాదు. ఇది వృత్తికి సంబంధించిన సంగతి.

1998, ఎండాకాలం. విశాఖపట్నంలో జాలరిపేటకు దిగే సందు మొదట్లో నా మందుల షాపు. ఫార్మసీలో డిప్లొమా పుచ్చుకుని అప్పటికి పదకొండేళ్ళుగా అక్కడే కూర్చుంటున్నాను. "నేను డాక్టర్ని కాను" అని రోజుకు ఇరవైసార్లు చెప్పేవాణ్ణి. ఇరవైసార్లూ ఎవరూ వినేవారు కాదు. షాపులో ఒక చిన్న ఫ్రిజ్జు. మా ఇంట్లో లేదు గానీ షాపులో ఉంది, ఇన్సులిన్ కోసం.

ఇన్సులిన్ అంటే రక్తంలోని చక్కెరను కండల్లోకి తోలే రసం. ఒళ్ళు తయారుచేసుకున్నది చాలనప్పుడు సూదితో ఎక్కించాలి. రబ్బరు మూత ఉన్న చిన్న గాజుబుడ్డిలో వస్తుంది, దాన్ని వయల్ అంటాం. కంపెనీలో బయల్దేరింది మొదలు నా షాపు దాకా అది చల్లగానే రావాలి. ఆ ఏర్పాటుకు కోల్డ్ చైన్ అని పేరు. నా గుమ్మం వరకు ఆ గొలుసు గట్టిగానే ఉంటుంది. గుమ్మం దాటాక కొన్నవాళ్ళ చేతిలోనూ, మేం చెప్పి పంపిన నాలుగు మాటల్లోనూ ఉంటుంది. ఆ నాలుగు మాటలు నేనెలా చెప్పానన్నదే సంగతి.

పోలమ్మకు అప్పుడు నలభై అయిదు ఉండొచ్చు. తెల్లవారుతుండగా ఒడ్డుకు వెళ్ళి, తెప్పలు తెచ్చిన చేపలు వేలంపాటలో కొని, థర్మాకోల్ పెట్టెలో ఐసు మీద సర్ది, బస్సులో ఉక్కునగరం తీసుకెళ్ళేది. అక్కడ సగం తట్టలోకి మార్చి నెత్తిన పెట్టుకుని, సెక్టార్ల వెంట తిరిగి స్టీలు ప్లాంటు ఉద్యోగుల క్వార్టర్లలో అమ్మేది. ఆమె "సేపలోయ్" కేకకు, నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న ఒకాయన ఉలిక్కిపడి లేచి, మళ్ళీ డ్యూటీ వేళయిందనుకుని బూట్లు తొడుక్కుని ప్లాంటు గేటు దాకా వెళ్ళిపోయాడు.

ఆ ఎండాకాలమే ఆమె కుడికాలి బొటనవేలికి జెల్ల చేప ముల్లు దిగింది. పసుపు పెట్టింది, సున్నం పెట్టింది. నెల దాటినా పుండు మానలేదు. చివరికి మా వీధిలో క్లినిక్కు పెట్టుకున్న డాక్టరమ్మ దగ్గరకు వెళితే రక్తపరీక్ష చేయించింది. ఫాస్టింగ్‌లోనే, అంటే పరగడుపున తీసిన రక్తంలోనే, చక్కెర మూడొందలు దాటింది. అప్పటిదాకా తనకు షుగరున్నట్టే పోలమ్మకు తెలియదు. పుండు ఉంది కాబట్టి మాత్రలతో కాలక్షేపం వద్దని డాక్టరమ్మ నేరుగా ఇన్సులిన్ రాసింది. షుగరు దిగి పుండు ఎండడం మొదలవకపోతే వేలు తీయించక తప్పదని కూడా చెప్పి పంపింది.

ఇసకలో బరువు మోసేవాళ్ళకు బొటనవేలు చుక్కానిలాంటిది. అది పోతే పోలమ్మ తట్ట ఎత్తలేదు. తట్ట ఎత్తని పోలమ్మను జాలరిపేటలో ఎవరూ ఊహించలేరు, ఆమె అసలే ఊహించలేదు.

చీటీ తెచ్చి నా బల్ల మీద పడేసింది.

"తమ్ముడా, ఇది సూదిమందట. నాకొద్దు. గోళీ ఇచ్చీ."

"గోళీకి లొంగదప్పా. రాసింది వేసుకోవలసిందే." మా వైపు అక్కను అప్ప అంటాం.

"సూది ఏసుకున్నోలంతా పోనారు. మా తోడికోడలు ఏసుకున్నాది, పోనాది. మా ఈది మొగలో ముసిల్ది ఏసుకున్నాది, అదీ పోనాది. సూదంటే ఆకరికొచ్చీసినట్టే."

"వాళ్ళు సూది వేసుకుని పోలేదప్పా, ఆలస్యంగా వేసుకుని పోయారు."

"నువ్వెల్లి అడిగొచ్చినావేటి?"

శాస్త్రీయంగా చెబుదామని మొదలుపెట్టాను. పొట్టలో క్లోమం అని ఒక అవయవం ఉంటుందీ, అది అలసిపోయిందీ అన్నాను.

"పొట్టలో ఏటుంటాదో నాకు సెప్తన్నావా? రోజుకెన్ని పొట్టలు కోత్తన్నాను! అలసిపోయింది నాను ఒక్కదాన్నీ సూళ్ళేదు," అని చీటీ తీసుకుని వెనక్కి తిరిగింది.

అప్పుడు నా నాలుక దురదపెట్టింది. ఆ దురద వచ్చినప్పుడు నన్ను ఆపగలిగే మందు నా షాపులో కూడా లేదు.

"అప్పా, ఇలా రా. ఎవరితోనూ అనకు. ఇది మందు కాదు, చేప రసం," అన్నాను గొంతు తగ్గించి.

ఆగిపోయింది. "ఏ సేప?"

"ఉత్తరాన ఐసు సముద్రం ఉంది. పైనంతా మనిషి లోతున మంచుగడ్డ. దాని కింద తిరుగుతుంది ఈ చేప. అంత చలిలోనూ దాని నెత్తురు గడ్డకట్టదు. పంచదార మూటలో పడేసినా దానికి షుగరు రాదు. దాని పొట్టలోంచి తీసిన రసం ఇది."

"ఎంతుంటాది?"

చేతులు బారజాపాను. చాలదనిపించి షాపులోంచి దిగి, బయట నిలబెట్టిన సైకిలు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూపించాను.

"పొలుసుంటాదేటి?"

"ఉండదు."

"అలగైతే రుసుండదు," అని తేల్చేసింది. ఆ చేపను ఒకసారి వండి, తిని, బాగోలేదని పక్కన పెట్టినంత ధీమాగా అంది. తర్వాత నేను ఫ్రిజ్జులోంచి తీసిచ్చిన వయల్‌ని వెలుగులో పెట్టి చూసింది. "మరి దీన్ని సెడిపోకుండా ఎలాగుంచాల?"

నా వృత్తిలో అది అసలైన క్షణం. ఆమె ఇంట్లో ఫ్రిజ్జు లేదు. నా ఫ్రిజ్జులో పెట్టుకోమనడానికి లేదు, ఆమె పొద్దున్న చద్దన్నం తినే ముందు సూది వేసుకునే వేళకు నా షాపు తెరిచే ఉండదు. ఎండ తగలని చోట, నీళ్ళకుండ కింద తడి ఇసకలో పెట్టుకోమని చెప్పాలి. ఈ లోపల ఇద్దరు బేరగాళ్ళు వచ్చి నిలబడ్డారు. నా కథకు ముగింపు కూడా కావలసి వచ్చింది.

"చేపను చెడకుండా ఉంచడం నేను నీకు నేర్పాలా? నీ పెట్టెలో మంచి కోనాన్ని ఎలా చూసుకుంటావో దీన్నీ అలాగే చూసుకో," అన్నాను. ఊళ్ళో అందరూ వంజరం అనే చేపను మా దగ్గర కోనాం అంటారు. పోలమ్మకు కోనాం అంటే ప్రాణం. ఆ మాటతో మొహం వెలిగింది.

సూది వేసుకోవడం నేర్పడానికి మూడు రోజులు పట్టింది. సిరంజి మీద గీతలను యూనిట్లు అంటాం. చదువు రాకపోయినా కాటా ముల్లు చూసే కన్ను కదా, గీతకు గీత తేడా లేకుండా లాగేది. ఆమె మొగుడు గురయ్య పెద్ద పెద్ద టేకు చేపలను ఒంటిచేత్తో తెప్పలోకి లాగిన మనిషి. పెళ్ళాం పొట్టలోకి సూది దిగడం చూసి నా షాపులో స్టూలుతో సహా వెనక్కి పడ్డాడు. "లెగు, నీకు కాదు గుచ్చుకున్నాది," అంది పోలమ్మ.

ఇక మిగతా బతుకు మార్చుకోవడం. ఉక్కునగరంలో ప్రతి సెక్టారులోనూ ఎవరో ఒక ఇల్లాలు ఆమెకు టీ ఇచ్చేది. వద్దంటే తన మీద కోపమనుకుంటారని అన్నాళ్ళూ అన్ని టీలూ తాగేది. ఇప్పుడు "పంసదార లేకుండా ఇయ్యి తల్లీ, సుగరొచ్చినాది" అనడం మొదలుపెట్టింది. అన్నదే తడవు, ప్రతి వీధిలోనూ "నాకూ ఉంది పోలమ్మా" అని ఒకరు బయటపడ్డారు. చేపల బేరం పావుగంట, షుగరు కబుర్లు అరగంట. అన్నం సగం చేసింది. పుట్టి బుద్ధెరిగి చెప్పులు వేయని కాళ్ళకు డాక్టరమ్మ చెప్పిందని చెప్పులు తొడిగింది. ఒడ్డున ఆడవాళ్ళు ఊరుకుంటారా!

"ఏటే పోలమ్మా, సెప్పులేసినావు, పెళ్ళికెల్తన్నావేటి?"

"మరే. నీ మొగుడికి ఇంకో సమ్మందం సూడ్డానికి ఎల్తన్నాను, నువ్వూ రాయే."

ఇంత చేసినా పదో రోజున రక్తం చూస్తే చక్కెర దిగలేదు సరికదా, పెరిగింది. డాక్టరమ్మ యూనిట్లు పెంచింది. పోలమ్మ రెండో వయల్ కూడా కొనుక్కెళ్ళింది. పద్నాలుగో రోజున ఇంకా పెరిగింది. పుండు అంచు నల్లబడింది. "ఇంకొక్క వారం చూస్తాను. ఆ తర్వాత సర్జన్ దగ్గరకు పంపేస్తాను," అని డాక్టరమ్మ చెప్పిందట.

ఆ కబురు చెప్పడానికి పోలమ్మ మొదటి వయల్ చేత్తో పట్టుకుని షాపుకొచ్చింది. నేను మందుల వాళ్ళందరూ చేసే పనే చేశాను. అనుమానించాను.

"అప్పా, నిజం చెప్పు. దొంగచాటుగా ఏం తింటున్నావు?"

"ఏటి తింతన్నాను! గుప్పెడన్నం, సేప పులుసు."

"క్వార్టర్లలో పుట్టినరోజులూ అవీ అవుతుంటాయి. ఎవరైనా స్వీటు చేతిలో పెడితే..."

పోలమ్మ కళ్ళు నిండాయి.

"తమ్ముడా, నాను కడుపు కాల్సుకుని తొంగుంటన్నాను. మనవరాలు జంతిక తింటంటే అటేపు తిరిగి కూకుంటన్నాను. నువ్వు నన్ను దొంగంటన్నావు." వయల్‌ని బల్ల మీద పెట్టేసింది. "ఇదిగో నీ సేప రసం. నాకింకొద్దు. యేలు తీత్తే తీయనీ."

దించిన తల ఎత్తలేక, చేతికి పని కావాలని వయల్‌ని తీసి అరచేతుల మధ్య దొర్లించాను. ఆ రకం ఇన్సులిన్ అలా దొర్లిస్తే పాలలా ఒకటే తెల్లగా కలవాలి. ఇది కలవలేదు. పైన నీళ్ళు, అడుగున తరకలు, గాజుకు అంటుకుపోయిన పొడి. విరిగిన పాలు. ఆమె తిండిలో ఏ తప్పూ లేదు. చచ్చిన మందును పొట్టలో పొడుచుకుంటోంది.

"అప్పా, దీన్ని ఎక్కడ పెడుతున్నావు?"

"పెట్టాల్సిన సోటే."

"నాకు చూపించు."

ఆమె వెంట వచ్చిన గురయ్యకు షాపు అప్పగించి ఆమె వెనకే వెళ్ళాను. ఎండకు చెడిందేమో, పొయ్యి పక్కన పెట్టిందేమో అనుకుంటూ నడిచాను. పోలమ్మ గుమ్మం లోపలికి వెళ్ళి, మంచం కింది నుంచి థర్మాకోల్ పెట్టె లాగి మూత తీసింది. నిండా ఐసు. దాని మీద మెరుస్తూ కల్లుప్పు. అమ్ముడుపోని రెండు కోనాలు, వాటి మధ్య గుడ్డలో చుట్టిన రెండో వయల్. గుడ్డ విప్పి నా చేతిలో పెట్టింది. లోపల మందు రాయిలా గడ్డకట్టి ఉంది. రోజూ అరచేతుల్లో కరగబెట్టి వేసుకుంటోందట.

"అందరూ ఉత్త ఐసేత్తారు. నాను ఉప్పు కలుపుతాను. ఉప్పేత్తే ఐసుకి సలి మరింత ఎక్కుతాది. మా అత్త నేర్పినాది, ఉక్కునగరం దాకా ఎల్లాల కదేటి," అంది. అంత బాధలోనూ గొంతులో పనితనం గర్వం తెలుస్తోంది. "నువ్వు ఐసు సముద్రంలో సేపన్నావు. సముద్రమంటే ఉప్పు, ఆ పైన మంచు. దాని ఊరు దానికి కట్టీసినాను. ఇంకేటి సెయ్యాల నాను?"

ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా మళ్ళీ మందు కాదు. విశాఖపట్నం ఎండలో, ఫ్రిజ్జు లేని ఇంట్లో ఇన్సులిన్‌ని గడ్డకట్టించడం ఎవరివల్లా కాదు. చేపలు అమ్మేవాళ్ళ వల్ల మాత్రమే అవుతుంది. వాళ్ళలోనూ, నాలాంటివాడి మాట విన్నవాళ్ళ వల్ల.

నేను ఆ నేల మీద కూలబడి, "అప్పా, ఆ చేప లేదు. నేను అబద్ధమాడాను. తప్పు నీది కాదు, నాది," అన్నాను. పోలమ్మ కాసేపు నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. "పోన్లే తమ్ముడా, నిజం సెప్పీసినావు, అది సాలు," అని నా భుజం తట్టింది.

అక్కడి నుంచి నేరుగా క్లినిక్కుకు వెళ్ళాను. కొత్త వయల్ ఇచ్చేస్తే సరిపోయే పని కాదది. మందు చచ్చిందని తెలియక డాక్టరమ్మ యూనిట్లు పెంచింది. పెంచిన కొలతలో మంచి మందు పడితే చక్కెర దబ్బున దిగిపోయి మనిషే పడిపోవచ్చు. చేప సంగతి సహా మొత్తం చెప్పాను. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, "మీకు గవర్నమెంటు ఇచ్చింది మందులమ్మే లైసెన్సా, కథలు చెప్పే లైసెన్సా?" అంది. ఇంకా చాలా అంది, అవి అచ్చుకు పనికిరావు. కొలత తగ్గించి రాసింది.

కొత్త వయల్‌ని మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాను నీళ్ళకుండ కింద తడి ఇసకలో నేనే కూరాను. పొట్ట ఖాళీగా బస్సెక్కొద్దనీ, చెమట పట్టి చేతులు వణికితే వెంటనే పంచదార నోట్లో వేసుకోమనీ చెప్పాను. ఈసారి ఏ అలంకారమూ లేకుండా, రెండుసార్లు చెప్పాను. తిరిగి ఆమెతో చెప్పించుకున్నాను. "సుగరుకి పంసదార మందేటి, కత సెప్తన్నావా?" అని నిలదీసింది. నిజం చెప్పినప్పుడే నన్ను నమ్మలేదు!

వారం రోజులు సాయంత్రాలు వెళ్ళి ఇసక తడి చూసొచ్చాను. ఆ వారం చివర చక్కెర దిగింది. మరో వారానికి పుండు అంచు ఎర్రబడింది. వానలు పడే వేళకు పూడింది. గోరు మాత్రం వంకరగా వచ్చింది. ఒక పొద్దున్న షాపు నిండా జనం ఉండగా పోలమ్మ వచ్చి, చెప్పు విడిచి, కాలెత్తి నా స్టూలు మీద పెట్టింది. "సూడు," అంది. అందరం చూశాం. వేలు ఆడించింది. దగ్గు మందు కోసం వచ్చిన ఆయన దగ్గడం మానేసి మరీ చూశాడు.

ఆ కేసు నాకు నేర్పింది ఇదీ. మందు పని చేయకపోతే, మనిషి ఏం తిన్నాడని అడిగే ముందు మందు ఎక్కడ పడుకుంటోందో చూడాలి. చల్లగా ఉంచండి అంటే ఎవరి చల్లదనం వాళ్ళకుంటుంది. ఆ తర్వాత ఇన్సులిన్ కొన్న ప్రతివాళ్ళనూ "ఎక్కడ పెడతారు?" అని అడగడం మొదలుపెట్టాను. ఒకావిడ ఫ్రిజ్జు పై అరలో, ఐసు ట్రే పక్కన పెట్టింది. ఒకాయన దేవుడి గూట్లో, దీపం పక్కన పెట్టాడు. సబ్బవరం నుంచి వచ్చే రైతు ఒకాయన డబ్బాకు తాడు కట్టి, బావిలో నీటికి జానెడు పైన వేలాడదీశాడు. ఆయనకు మాత్రం లేచి నమస్కారం పెట్టాను.

ఇక ఒట్టు సంగతి. నైట్ షిఫ్టు ఆయన ప్లాంటు గేటు దాకా వెళ్ళలేదు, వీధి మొగ నుంచే తిరిగొచ్చాడు. అది చిన్న కల్పన, లైసెన్సుకేమీ కాదు. రెండోదే పెద్దది. నేను నేల మీద కూలబడ్డాననీ, చేప లేదని చెప్పాననీ రాశాను చూడండి, ఆ నాలుగు వాక్యాలూ కల్పన. పోలమ్మ భుజం తట్టడం కూడా.

జరిగింది వేరు. చెబుదామని నోరు తెరిచాను. ఆ గడ్డకట్టిన వయల్ వంక చూస్తూ ఆమే అడిగింది, "సేపకేటైపోనాది తమ్ముడా?" అని. అంత బెంగగా అడిగితే నా నోట్లోంచి వచ్చింది ఇది: "ఏమీ కాలేదప్పా. రసం తీశాక దానికి మన ఊరి వాతావరణం అలవాటు చేసి పంపుతారు. మళ్ళీ ఉప్పులో, మంచులో పెడితే దాని ఊరు దానికి గుర్తొచ్చి ముడుచుకుపోతుంది."

"అయ్యో, పిచ్చిముండ," అంది పోలమ్మ, ఆ వయల్‌ని చేత్తో నిమురుతూ.

పదేళ్ళయింది. ఇప్పటికీ షాపుకొచ్చినప్పుడల్లా ఆ చేప గురించి ఒక్క ప్రశ్నయినా వేస్తుంది. దానికి మీసాలు నేనే మొలిపించాను, వీపు మీద నీలం చారలు నేనే గీశాను. జాలరిపేటలో ఎవరు సూదికి భయపడినా పోలమ్మే వెళ్ళి కూర్చుని ధైర్యం చెబుతుంది, ఐసులో పెట్టొద్దని చెబుతుంది. నాకంటే బాగా చెబుతుంది. అంతవరకు నాకే బాధా లేదు. కానీ ప్రతిసారీ చివర్న, "తప్పు నాదే. తెలీక దాన్ని ఏడిపించినాను, నా యేలు పోవాల్సిందే," అంటుంది. పదేళ్ళుగా ఆ మాట వింటూ నేను అరల్లో సీసాలు సర్దుకుంటున్నాను. ఆవేళ దొంగచాటుగా తింటున్నావన్నందుకు కూడా నేను ఇంతవరకు క్షమాపణ అడగలేదు.

అప్పుడు జంతిక తిన్న మనవరాలు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఈ పత్రిక నా షాపులోంచే తీసుకెళ్ళి అమ్మమ్మకు చదివి వినిపిస్తుంది. ఇది కూడా వినిపిస్తుంది.

పోలమ్మప్పా, ఆ చేప లేదు. తప్పు నాది. నువ్వు ఏమీ తినలేదు, నాకు ఆవేళే తెలుసు. సూది వేసుకుని, అన్నం తిని, అప్పుడు రా నన్ను తిట్టడానికి.